లెక్కల పందేలు, కాలేజీ సీట్లు

నేవన్‌లో మన తెలుగు కుటుంబాలు నాలుగు ఒకచోట కలిస్తే, భోజనాలయ్యాక మాట పిల్లల చదువుల మీదికి మళ్లడం రివాజు. ఈమధ్య ఆ మాటల్లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "గణిత ఒలింపియాడ్ క్లాసులని చెప్పి శనివారాలు పిల్లల్ని తిప్పుతున్నాం గదండీ, దానికి సి.ఎ.ఓ.లో ఎన్ని పాయింట్లు కలుస్తాయి?" అని. జవాబు చాలా చిన్నది. ఒక్క పాయింటు కూడా కలవదు. ఐర్లండు దేశం మొత్తానికి మొదటివాడుగా నిలిచి, అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు వెళ్లి పతకం తెచ్చినా, కాలేజీ సీటు లెక్కలో దాని విలువ సున్న. ఈ జవాబు విన్నవెంటనే వచ్చే రెండో ప్రశ్న, "మరెందుకండీ?"

ఈ రెండో ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యడానికి వీల్లేదని మా అభిప్రాయం. పదహారేళ్ల పిల్లవాడి శనివారం ఉదయం అంటే విలువైన వస్తువే. తల్లిదండ్రుల్లో ఒకరికి డ్యూటీ, ఇంకొకరికి ఇంటిపని, మన ఊరికి ప్రయాణీకుల రైలు లేదు, మేనూత్ దాకా కారులో తీసుకువెళ్లి తీసుకురావాలి. ఫలితం లేని పనికి ఇంత శ్రమ ఎందుకనుకోవడంలో తప్పు లేదు. అయితే "ఫలితం" అన్న మాటకు మనం చెప్పుకుంటున్న అర్థం ఎక్కడనుంచి వచ్చిందో, ఈ దేశంలో దానికి ఏ అర్థం ఉండేదో, ఎప్పుడు ఎలా మారిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడడం అవసరం. డాక్టర్లకు లెక్కల సంగతి దేనికని కొందరు నవ్వవచ్చు. ఇంటర్మీడియేట్‌లో బై.పి.సి. తీసుకున్ననాడే ఆల్జీబ్రాకు నీళ్లొదిలేసిన వాళ్లం, నిజమే. కాని కథ మన పక్క ఊరిలోనే మొదలవుతోంది గనుక చెప్పకుండా ఉండలేకపోతున్నాం.

ఆ పక్క ఊరు ట్రిమ్. ఇక్కడినుంచి కారులో ఇరవై నిమిషాల దారి. ట్రిమ్ కోట కింద పారివచ్చిన బోయిన్ నీళ్లే మన ఊళ్లో బ్లాక్‌వాటర్‌తో కలుస్తాయి. కోటకు ఎదురుగా, ఏటికి ఇవతలి గట్టున టాల్బట్ కాజిల్ అని ఒక పాత రాతిమేడ ఉంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అందులో ఒక బడి ఉండేది. దాన్ని నడిపినవారు జేమ్స్ హామిల్టన్ అనే మతగురువు. ఆయన అన్నదమ్ముల బిడ్డ, 1805 ఆగస్టులో డబ్లిన్‌లో పుట్టినవాడు, మూడో ఏటనే ఆయన దగ్గరికి వచ్చి ఆ ఇంట్లోనే పెరిగాడు. అతనే తర్వాత ప్రపంచం ఎరిగిన గణితవేత్త విలియం రోవన్ హామిల్టన్.

చిన్నప్పుడు హామిల్టన్‌కు పేరు వచ్చింది లెక్కల్లో కాదు, భాషల్లో. లాటిన్, గ్రీకు, హీబ్రూ పసితనంలోనే వచ్చాయి. ఆ తర్వాత అరబ్బీ, పారశీకం, సంస్కృతం, హిందూస్తానీ మొదలుపెట్టించారు. ఇన్ని తూర్పు భాషలు ఎందుకంటే, కొడుకు ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాలని తండ్రి కోరిక. ఇది చదివినప్పుడు మాకు నవ్వు ఆగలేదు. రెండు వందల ఏళ్ల క్రితం ట్రిమ్‌లో ఒక పిల్లవాడి చేత, ఇండియాలో ఉద్యోగం వస్తుందని సంస్కృతం వల్లె వేయించారు. ఈనాడు ఇండియా నుంచి వచ్చి అదే జిల్లాలో కాపురమున్న మనం, మన పిల్లల చేత ఏ ఉద్యోగం కోసం ఏమేమి వల్లె వేయిస్తున్నామో ఎవరికి వారు చూసుకోవచ్చు.

1813లో జెరా కోల్బర్న్ అనే అమెరికా పిల్లవాణ్ణి డబ్లిన్‌కు తీసుకువచ్చారు. వెర్మాంట్ రాష్ట్రంలో ఒక పల్లెలో 1804లో పుట్టినవాడు. హామిల్టన్ కంటే ఒక్క ఏడాది పెద్ద. చేతులకూ కాళ్లకూ మామూలు కంటే ఎక్కువ వేళ్లున్నవాడని రాశారు (వైద్యులం గనుక ఈ సంగతి మా కంట పడింది, కథతో దీనికి సంబంధం లేదు). నోటి లెక్కల్లో అసాధ్యుడు. 4294967297 అనే సంఖ్యకు భాగాలున్నాయా అని అడిగితే, ఆలోచించి 641 పెట్టి భాగిస్తే శేషం లేకుండా పోతుందని చెప్పినవాడు. ఈ సంగతి అంతకుముందు ఆయిలర్ అంతటివాడు కనిపెట్టవలసి వచ్చింది. తండ్రి ఈ పిల్లవాణ్ణి ఊరూరా తిప్పి, టిక్కెట్టు పెట్టి ప్రదర్శనలిచ్చేవాడు. డబ్లిన్‌లో ఇతనికీ మన ట్రిమ్ పిల్లవాడికీ నోటి లెక్కల్లో పందెం పెట్టారు. ట్రిమ్ పిల్లవాడు ఓడిపోయాడు. కొద్ది తేడాతో కూడా కాదు, బాగానే ఓడిపోయాడు.

ఇటువంటి విద్య మనకు కొత్త కాదు. అవధానంలో వారగణనం ఒక అంశం. ఫలానా సంవత్సరం ఫలానా తేదీ ఏ వారమో అవధాని పద్యాల మధ్య చెప్పాలి. ఇక కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మగారి గణితావధానాలు చూసిన పెద్దలు మన ఇళ్లలో ఇప్పటికీ ఉండవచ్చు. ఆయన పుట్టు అంధులు. ఎవరో పక్కన కూర్చుని చదువుతుంటే విని నేర్చిన చదువే ఆయనది. రెండును నూట మూడు సార్లు హెచ్చవేస్తే వచ్చే ముప్ఫై రెండంకెల సంఖ్యను సభలో చెప్పారన్నది ఆయన గురించి రాసినవారందరూ చెప్పే సంగతి. వయోలిన్ కూడా వాయించేవారు. చివరి రోజులు శ్రీకాళహస్తిలో గడిపి 1997లో కన్నుమూశారు. వేల సభల్లో చప్పట్లు కొట్టించుకున్న ఆ మనిషికి ఏ విశ్వవిద్యాలయమూ తన తరగతి గదిలో బెంచీ మీద చోటు చూపించలేదు. కళ్లు లేని పల్లెటూరి పిల్లవాడికి ఆ కాలంలో ఆ దారే లేదు. పందెంలో గెలవడం వేరు, చదువుకు తలుపు తెరుచుకోవడం వేరు అనడానికి మనవైపునుంచి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

మళ్లీ డబ్లిన్‌కు వద్దాం. ఆ ఓటమి తర్వాతే హామిల్టన్ మనసు భాషలనుంచి లెక్కలవైపు తిరిగిందని ఆయన జీవితచరిత్ర చెప్పేవారు అంటారు. మాకు ముఖ్యంగా తోచింది ఆ తర్వాతి ముచ్చట. 1820 ప్రాంతంలో ఇద్దరూ మళ్లీ కలుసుకున్నారు. అప్పటికి కోల్బర్న్ నాటకాల్లో వేషాలు వేస్తున్నాడు. హామిల్టన్ మళ్లీ పందెం కట్టలేదు. "నువ్వు ఆ లెక్కలు ఏ పద్ధతిలో చేసేవాడివి?" అని అడిగి, ఆ పద్ధతులు కూర్చుని పరిశీలించాడు. ఎనిమిదేళ్ల వయసులో ఎవరు ముందు చెబుతారన్న పట్టింపు, పదిహేనేళ్లు వచ్చేసరికి ఎలా వచ్చిందన్న కుతూహలంగా మారింది. పదిహేడేళ్ల లోపునే ఫ్రెంచి పండితుడు లాప్లాస్ గ్రంథంలో ఒక తర్కదోషం పట్టుకున్నాడు. కోల్బర్న్ తర్వాత అమెరికా తిరిగివెళ్లి, కొంతకాలం మతప్రచారం చేసి, చివరికి ఒక కాలేజీలో భాషల ఆచార్యుడై, 1839లో ముప్ఫై నాలుగేళ్లకే పోయాడు. లెక్కలవాడు భాషలకూ, భాషలవాడు లెక్కలకూ మారిపోయారన్నమాట.

1823లో హామిల్టన్ డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ప్రవేశ పరీక్షకు కూర్చుని, నూరుమంది అభ్యర్థుల్లో మొదటివాడుగా వచ్చాడు. సీటు తెచ్చింది ఆ పరీక్ష. గ్రీకు, లాటిన్ లేకుండా ఆనాటి ట్రినిటీ గడప తొక్కడానికి లేదు. అంచేత తండ్రి కోరి నేర్పించిన భాషలు ఇండియాకు పంపకపోయినా కాలేజీ లోపలికి పంపాయి. తాను ఇష్టపడి పట్టుకున్న లెక్కలు లోపలికి వెళ్లాక పనికివచ్చాయి. 1827లో, ఇంకా డిగ్రీ కూడా పుచ్చుకోకముందే, ఇరవై రెండో ఏట ఖగోళశాస్త్ర ఆచార్య పదవికి ఎన్నుకున్నారు. డన్‌సింక్ నక్షత్రశాల ఆయన కాపురమైంది. అదే నక్షత్రశాలలో ఒక తరం ముందు కొద్దినెలలు పాఠం చెప్పించుకున్న ఇంకొక కుర్రవాడు మన నేవన్‌లో 1774లో పుట్టిన ఫ్రాన్సిస్ బోఫోర్ట్. గాలి తీవ్రతను అంకెల్లో కొలిచే స్కేలు ఆయన పేరు మీదే ఉంది. బోఫోర్ట్‌కు యూనివర్శిటీ సీటూ లేదు, పోటీ పతకమూ లేదు. పద్నాలుగేళ్లకే బడి మాని ఓడ ఎక్కాడు. సందర్భం వచ్చింది గనుక సొంత ఊరివాడి పేరు చెప్పాం.

హామిల్టన్ కాలంలో పోటీ అనేది ఒకరిద్దరు మేధావి పిల్లల వేడుక. దాన్ని దేశం మొత్తానికి ఒక వ్యవస్థగా చేసిన సంవత్సరం 1878. మన పాఠకులకు ఈ భాగం బాగా పరిచయమైన కథలాగా తోస్తుంది. ఆ ఏడు బ్రిటిష్ పార్లమెంటు ఐర్లండుకు ఇంటర్మీడియేట్ విద్యా చట్టం తెచ్చింది. పేరు చూడండి, మన ఇంటర్మీడియేటే! బళ్లకు సర్కారు నేరుగా డబ్బిస్తే ఏ మతం బడికి ఎంత ఇచ్చారని గొడవ వస్తుందని, ఒక ఉపాయం కనిపెట్టారు. ప్రభుత్వ ఆదరణ తీసేసిన ప్రొటెస్టెంట్ చర్చి ఆస్తినుంచి పది లక్షల పౌన్లు పక్కకు పెట్టి, ఆ వడ్డీతో ఏటా పరీక్షలు జరిపించడం. పరీక్షలో పైకి వచ్చిన పిల్లవాడికి నగదు బహుమతి. వాణ్ణి పంపిన బడికి ఫలితాన్నిబట్టి ఫీజు. మొదటి పరీక్షలు 1879లో జరిగాయి. ఆడపిల్లల్ని కూడా కూర్చోనివ్వాలని బెల్‌ఫాస్టు వైపు విద్యావేత్తలైన స్త్రీలు పోరాడి సాధించారు. అది ఈ చట్టానికి గొప్ప మెప్పు.

తర్వాత జరిగింది ఊహించడానికి మనకు పెద్ద శ్రమ అక్కరలేదు. బహుమతులు గెలిచిన పిల్లల పేర్లు, ఏ బడికి ఎన్ని వచ్చాయన్న లెక్కలు పత్రికలకెక్కాయి. బడులు వాటిని చూపించి కొత్త పిల్లల్ని చేర్చుకున్నాయి. గెలిచే పిల్లవాడి మీద మేస్టర్ల దృష్టి ఎక్కువ, గెలవనివాడి మీద తక్కువ. పరీక్షకు రాని సంగతి పాఠంలో కూడా రాదు. విజయవాడలోనూ హైదరాబాదులోనూ ఫలితాల మర్నాడు పేపరు మొదటి పేజీ నిండా పాస్‌పోర్టు సైజు ఫోటోలూ, వాటి కింద ర్యాంకులూ చూసి పెరిగిన మనకు, ఆ ఫోటోలు తీసేసి చూస్తే 1880ల నాటి డబ్లిన్ పత్రిక కనిపిస్తుంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ పద్ధతి వల్ల మేలు పొందినవారూ ఉన్నారు. జేమ్స్ జాయిస్ 1890లలో ఈ పరీక్షల్లో నగదు బహుమతులు గెలిచాడు. పల్లెలో అమ్మమ్మ ఇంట్లో పెరిగిన ఈమన్ డి వలేరా ఈ పోటీలో నెగ్గే పెద్ద కాలేజీ మెట్లెక్కి, లెక్కల మాస్టారై, తర్వాత దేశానికి ప్రధానీ అధ్యక్షుడూ అయ్యాడు. డబ్బు లేని ఇంటి పిల్లవాడికి అంకెల్లో తేలే పరీక్ష ఒక నిచ్చెన. సిఫారసు చేసే మామయ్యలు లేనివాడికి ర్యాంకే మామయ్య. మనలో చాలామందిమి ఆ నిచ్చెన ఎక్కి వచ్చినవాళ్లమే గనుక దాన్ని తన్నేసే అధికారం మనకు లేదు. 1961లో మొదలైన ఐ.ఐ.టి. ఉమ్మడి ప్రవేశ పరీక్షగాని, క్యాపిటేషన్ ఫీజులను నిషేధిస్తూ 1983లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టంగాని, ఆ దశాబ్దంలోనే వచ్చిన ఎంసెట్‌గాని ఆ న్యాయం మీదే నిలబడ్డాయి. ఎంసెట్ పేరు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ అయింది. పేరు మారినా ఇంట్లో అడిగే మాట "ర్యాంకు ఎంత?" అన్నదే.

కాని ఐర్లండువాళ్లకు నలభై అయిదేళ్లలో ఆ పద్ధతి మీద రోత పుట్టింది. బడిని యంత్రంగా మార్చేశారని పాట్రిక్ పియర్స్ ఒక చిన్న పుస్తకమే రాశాడు. ఆయన స్వయంగా బడి నడిపినవాడు, 1916 తిరుగుబాటులో ప్రాణమిచ్చినవాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1924లో ఫలితాన్నిబట్టి ఫీజులనే పద్ధతి ఎత్తేసి, తలకింత చొప్పున గ్రాంటు పెట్టారు. ఇంటర్మీడియేట్ సర్టిఫికెట్టు, లీవింగ్ సర్టిఫికెట్టు అని రెండు పరీక్షలు ఏర్పడ్డాయి. ఆ రెండోదే ఈనాడు మన పిల్లలకు నిద్రలేకుండా చేస్తున్నది.

ఇదే కాలంలో యూరపు అవతలి మూల హంగరీలో ఇంకొక ప్రయోగం జరిగింది. 1894లో, భౌతికశాస్త్రవేత్త ఎట్వష్ విద్యామంత్రి అయిన సందర్భంలో, ఆ ఏడే బడి చదువు ముగించిన పిల్లలకు లెక్కల పోటీ పెట్టారు. ప్రశ్నలు కొద్ది, గడువు కొన్ని గంటలు. అదే ఏడు హైస్కూలు పిల్లల కోసం ఒక లెక్కల మాసపత్రిక కూడా మొదలైంది. నెలనెలా లెక్కలిస్తే పిల్లలు ఇంట్లో కూర్చుని చేసి పంపేవారు. ఫాన్ కార్మన్, సిలార్డ్, టెల్లర్ ఆ పోటీలో బహుమతులు గెలిచినవారే. నాలుగైదు గంటలకు రెండు మూడు ప్రశ్నలు అనే ఒలింపియాడ్ పద్ధతి అక్కడినుంచి వచ్చిందే. 1959లో రుమేనియాలో అంతర్జాతీయ ఒలింపియాడ్ మొదలైనప్పుడు అందులో పాల్గొన్న దేశాలు ఏడు. ఇండియా 1989లో చేరింది. ఐర్లండు అంతకు ఒక ఏడాది ముందే, 1988లో, ఆస్ట్రేలియాలో జరిగిన పోటీకి మొదటిసారి జట్టును పంపింది.

ఇక ఈనాటి సంగతి. ఇక్కడి కాలేజీ ప్రవేశాలన్నీ 1976లో ఏర్పడిన సి.ఎ.ఓ. ద్వారా జరుగుతాయి. ఆరు సబ్జెక్టుల్లో వచ్చిన గ్రేడులు పాయింట్లుగా మారతాయి, పాయింట్ల వరస ప్రకారం సీటు. వ్యాసం రాయనక్కరలేదు, సామాన్యంగా ఇంటర్వ్యూ లేదు, మీ అబ్బాయి ఏ పోటీలో నెగ్గాడని అడిగే గడి దరఖాస్తులో లేదు. ఇద్దరికి పాయింట్లు సమానమై సీటు ఒక్కటే మిగిలితే యంత్రం చీటీ వేస్తుంది. చిన్న దేశం, ఎవరు ఎవరి బంధువో అందరికీ తెలుస్తుంది. అంచేత మనిషి ముఖం చూడకుండా తేల్చే పద్ధతి మీద ఇక్కడివాళ్లకు నమ్మకం ఎక్కువ. పోటీ పతకాలకు పాయింట్లు ఇవ్వమని వాళ్లు గట్టిగా అడగకపోవడానికి ఇదే కారణమని మా ఊహ.

అయితే లెక్కలకు మాత్రం ఒకసారి ఎర వేశారు. 2012 నుంచి హయ్యర్ లెవెల్ లెక్కల్లో కనీసం నలభై శాతం తెచ్చుకున్నవారికి 25 పాయింట్లు అదనం. అంతకుముందు ఏడు నూటికి సుమారు 16 మంది హయ్యర్ పేపరు రాస్తే, ఆ ఏడు సుమారు 22 మంది రాశారు. తర్వాతి సంవత్సరాల్లో ముప్ఫై దాటింది. ఎర పనిచేసిందన్నమాట. దాని వింత మాత్రం అంకెల్లో చూడాలి. 2017లో గ్రేడులు మార్చిన తర్వాత, నలభై నుంచి నలభై తొమ్మిది శాతం వస్తే హెచ్ 6, దానికి 46 పాయింట్లు. లెక్కల్లో అయితే 25 కలిసి 71. ఇంకే సబ్జెక్టులోనైనా అరవై తొమ్మిది శాతం తెచ్చుకుంటే హెచ్ 4, దానికి 66 మాత్రమే. అంటే లెక్కల్లో నలభై, చరిత్రలో అరవై తొమ్మిది కంటే గొప్ప! అదే లెక్కల్లో ముప్ఫై తొమ్మిది వచ్చిందా, హెచ్ 7, 37 పాయింట్లు, అదనం లేదు. ఒక్క మార్కు కింద ముప్ఫై నాలుగు పాయింట్ల లోయ. ఆ లోయ అంచున ఉన్న పిల్లల కోసమే సాయంత్రాలు ట్యూషన్లు నడుస్తాయి. ఇక్కడివాళ్లు ట్యూషన్‌ను "గ్రైండ్స్" అంటారు. ఆ మాట వింటే మనకు మినప్పప్పు రుబ్బే చప్పుడు గుర్తొస్తుంది, అర్థంలో పెద్ద తేడా లేదు.

ఇరవై అయిదు పాయింట్లకే ఇంత జరిగితే, ఒలింపియాడ్‌కు కూడా పాయింట్లు పెడితే ఏమవుతుందో 1878 చట్టం ముందే చేసి చూపించింది. ఆ క్లాసులు మేనూత్‌లోనూ, డబ్లిన్ యు.సి.డి.లోనూ, కార్క్, లిమరిక్, గాల్వే విశ్వవిద్యాలయాల్లోనూ అక్కడి అధ్యాపకులే చెబుతారు. మే నెలలో జాతీయ పోటీ. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు, పూటకు అయిదు ప్రశ్నలు. అందులోనుంచి ఆరుగుర్ని దేశం తరఫున పంపుతారు. పతకాల పట్టికలో ఐర్లండు పేరు పైన కనిపించదు. పాయింట్లు ఉన్నట్లయితే ఈ క్లాసులకు ప్రవేశ పరీక్ష, ప్రవేశ పరీక్షకు గ్రైండ్స్, నేవన్‌లో దానికొక బోర్డు, ఆ బోర్డు మీద మన పిల్లల ఫోటోలు. మనమే పెట్టిస్తాం సుమా, ఇక్కడివాళ్లు పెట్టరు.

పోటీలకు సీటు విలువ ఇచ్చే చోట్లు లోకంలో లేకపోలేదు. మన దేశంలోనే జాతీయ గణిత ఒలింపియాడ్‌లో ఎంపికైన పిల్లలకు కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారి గణితం డిగ్రీకీ, చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కూ రాత పరీక్షనుంచి మినహాయింపు ఉంటూ వచ్చింది. ఈమధ్య కొన్ని ఐ.ఐ.టి.లు కూడా అటువంటి దారి తెరిచాయి. అమెరికాలో మసాచుసెట్స్ ఎం.ఐ.టి. వంటి చోట్ల దరఖాస్తులో ఆ స్కోర్లు రాయడానికి తావుంది, అయినా అది పదింటిలో ఒకటి. ఇంగ్లండులో కేంబ్రిడ్జి గణితానికి వెళ్లాలంటే స్టెప్ అనే విడి పరీక్ష పెడతారు. అక్కడ పతకం అడగరు, కాని ఒలింపియాడ్ ప్రశ్నలతో కుస్తీ పట్టినవాడికి ఆ పరీక్ష కొత్తగా అనిపించదు. గమనించవలసింది ఏమంటే, ఇలా విలువ ఇచ్చేవన్నీ గణితం కోసమే గణితం చదవాలన్న పిల్లల్ని వెతుక్కునే చోట్లు. డాక్టరీకిగాని సాఫ్ట్‌వేరు ఉద్యోగానికిగాని ఇది అడ్డదారి అవుతుందని పంపేవారికి అవి పనికిరావు. వైద్యం సంగతి మాకు తెలిసినదే గనుక చెబుతున్నాం. ఇక్కడ 2009 నుంచి పాయింట్లకు తోడు హెచ్‌ప్యాట్ అనే పరీక్ష వచ్చింది. అందులో తర్కం ఒక భాగం, ఎదుటి మనిషి మనసు గ్రహించడం ఇంకొక భాగం. క్షేత్రగణితంలో ఎంత కఠినమైన సిద్ధాంతం రుజువు చేసినా ఆ రెండో భాగానికి సాయం రాదు.

మరెందుకండీ అన్న ప్రశ్నకు మా జవాబు ఒక్కటే. బడిలో లెక్క ఇస్తే, ఏ పద్ధతిలో చెయ్యాలో ముందే చెప్పి ఇస్తారు. పది నిమిషాల్లో తేలకపోతే పిల్లవాడికి రాదని అర్థం. ఒలింపియాడ్ లెక్క రెండు గంటలు కూర్చున్నా తేలకపోవచ్చు, ఇంటికి వచ్చి మంగళవారం స్నానం చేస్తుంటే తట్టవచ్చు. తెలియకుండా ఉండడం అనే స్థితిలో భయపడకుండా కూర్చోవడం మన చదువుల్లో మాకెవరూ నేర్పలేదు. వార్డులో రాత్రి రెండు గంటలకు, రోగికి ఏమైందో పుస్తకంలో దొరకనప్పుడు, మాకు అక్కరకు వచ్చేది ఆ ఓపికే. అది పాయింట్లకు అతీతమైన గొప్ప వస్తువని పిల్లలకు ఉపన్యాసమిస్తే వాళ్లు వినరు. వారం వారం ఆ క్లాసుకు వెళ్లే పిల్లవాడు ఇంటికి వచ్చి, తేలని లెక్క గురించి అన్నం తింటూ చెబుతున్నాడా లేదా అన్నది చూసుకుంటే చాలు. చెప్పడం లేదంటే, వాడికి ఇష్టం లేదన్నమాట. మాన్పించి ఫుట్‌బాల్‌కు పంపండి. సి.ఎ.ఓ.లో రెంటి విలువా సమానమే.

ఇక్కడ ఒక ఆచరణ సంగతి. ఈ దేశంలో జూనియర్ సైకిల్‌కూ లీవింగ్ సర్టిఫికెట్ చదువుకూ మధ్య ట్రాన్సిషన్ ఇయర్ అని ఒక ఏడాది ఉంది. 1974లో మొదలైంది. ఆ ఏడు సర్కారు పరీక్ష ఏదీ ఉండదు. మన కుటుంబాల్లో చాలామందికి ఇది కంటగింపు. "ఏడాది వృథా, ఆ ఏడు దాటించేస్తే ముందుగా కాలేజీలో పడతాడు" అని, బడిలో వీలుంటే తప్పించేస్తున్నారు. మా దృష్టిలో శనివారాల లెక్కల క్లాసుకు ఇంతకంటే అనువైన ఏడాది ఇంకొకటి లేదు. ఆరో ఏడాదిలో పంపితే పిల్లవాడు నలిగిపోతాడు. అయిదో ఏడాదిలో ఫరవాలేదు. ట్రాన్సిషన్ ఇయర్‌లో అయితే ఓడిపోవడానికి కూడా తీరిక ఉంటుంది. ట్రిమ్ పిల్లవాడు ఎనిమిదో ఏట ఓడి, పదిహేనో ఏట ఆ పద్ధతి అడిగి తెలుసుకున్నాడు. మధ్యలో ఏడేళ్లు వాడికి ఎవరూ పాయింట్లు కట్టలేదు.

కార్లలో మేనూత్‌కు వంతులవారీగా తీసుకువెళ్లే ఏర్పాటు చేసుకుంటే ఇబ్బంది తగ్గుతుంది. నాలుగు కుటుంబాలు కలిస్తే నెలకు ఒక్క శనివారమే ఒక్కొక్కరికి పడుతుంది. డ్యూటీల పట్టిక చూసుకుని మా వంతు మేము తీసుకుంటాం. పిల్లలకు సరదాగా ఉండాలంటే అక్టోబరు 16న డబ్లిన్ తీసుకువెళ్లండి. 1843లో అదే రోజు హామిల్టన్ డన్‌సింక్ నుంచి కాలవగట్టున భార్యతో నడుస్తూ, ఏళ్ల తరబడి తేలని లెక్క ఒక్కసారిగా తేలేసరికి, బ్రూమ్ వంతెన రాయి మీద కత్తితో గీశాడు. 1990 నుంచి మేనూత్ అధ్యాపకులు ఏటా ఆ దారిన నడక ఏర్పాటు చేస్తున్నారు. ఆయన గీసిన గీతలు చెరిగిపోయాయి. 1958లో డి వలేరా ఆవిష్కరించిన రాతిఫలకం ఉంది. దారి కొంచెం బురదగా ఉంటుంది, పిల్లలకు బూట్లు మరిచిపోకండి.